గుండ్రటి కేంద్రకం జెడ్ స్టాక్‌లో కోడిగుడ్డు ఎందుకవుతుంది? త్రీడీ మైక్రోస్కోపీలో లోతు రిజల్యూషన్‌పై తరచుగా అడిగే ప్రశ్నలు

ఇవి ఇమేజింగ్ గదిలో నా పక్క కుర్చీలో కూర్చుని పిల్లలు అడిగే ప్రశ్నలు. కొన్ని పీహెచ్‌డీ మొదటి ఏడాదివి, కొన్ని థీసిస్ రేపో మాపో ఇవ్వాల్సిన టెన్షన్‌లో వచ్చేవి. ఫ్లోరెసెన్స్ మైక్రోస్కోప్ కింద కణాలు, కణజాలాలు చూసేవాళ్ల కోసం రాశాను. ఫిజిక్స్ మర్చిపోయినా ఫరవాలేదు. ఇంటర్‌లో చదివిన వక్రీభవనం కాస్త గుర్తుంటే చాలు. జెడ్ అంటే లోతు దిశ. ఫోకస్ కొద్దికొద్దిగా మారుస్తూ ఒక్కో లోతులో తీసిన బొమ్మల దొంతర జెడ్ స్టాక్. రిజల్యూషన్ అంటే పక్కపక్కన ఉన్న రెంటిని విడదీసి చూపగలగడం.

పైనుంచి చూస్తే బొమ్మ బ్రహ్మాండంగా ఉంది. త్రీడీలో పక్కకి తిప్పితే అంతా నిలువుగా సాగిపోయింది. మిషన్ పాడైందా?

దాదాపు ఎప్పుడూ కాదు. ముందు సాఫ్ట్‌వేర్‌లో ఒకటి చూసుకోండి. ఫిజీ అనే బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో ఇమేజ్ ప్రాపర్టీస్ తెరిచి వోక్సెల్ డెప్త్ (స్టాక్‌లో ఒక బొమ్మకీ ఇంకో బొమ్మకీ మధ్య లోతు) దగ్గర ఎంత ఉందో చదవండి. మీరు 0.3 మైక్రాన్ల అంతరంతో స్టాక్ తీసి ఉంటారు, ఫైలు ఒక ఫార్మాట్ నుంచి ఇంకో ఫార్మాట్‌కి మారేటప్పుడు అది పోయి అక్కడ 1 అని పడి ఉంటుంది. అంతే, మూడు రెట్లకు పైగా సాగిన బొమ్మ. దీన్ని రిజల్యూషన్ సమస్య అనుకుని రెండు నెలలు స్టెయినింగ్ మార్చి మార్చి చేసిన అమ్మాయిని చూశాను.

అక్కడ అంకె సరిగ్గానే ఉండి కూడా బొమ్మ సాగితే అప్పుడు అసలు కారణాలు రెండు మిగులుతాయి. ఒకటి లెన్స్ స్వభావం. దాన్ని పూర్తిగా తప్పించుకోలేం, తగ్గించుకోగలం. రెండోది లెన్స్‌కీ శాంపిల్‌కీ మధ్య ఉన్న ద్రవాల పొంతన కుదరకపోవడం. ఇది మన చేతిలో పని, ఖర్చు కూడా తక్కువ. చాలామంది మొదటిదాన్ని తిట్టుకుంటూ కొత్త మిషన్ కావాలంటారు. నా లెక్కలో ఈ గదిలో పోయే లోతు రిజల్యూషన్‌లో ఎక్కువ భాగం రెండోదాని ఖాతాలోదే.

అసలు అడ్డంగా కనిపించినంత స్పష్టంగా లోతు వైపు ఎందుకు కనిపించదు?

బుడబుక్కలవాడి చేతిలోని డమరుకం తలుచుకోండి. వెలుతురు ఒక బిందువు దగ్గరకు వచ్చేటప్పుడు సన్నబడి, దాటాక మళ్లీ వెడల్పవుతుంది. అచ్చం ఆ ఆకారమే. డమరుకం రెండు వైపులా బాగా విచ్చుకుని ఉంటే నడుము ఎక్కడుందో చటుక్కున తెలుస్తుంది. అదే సన్నటి వెదురు గొట్టంలా ఉంటే నడుము ఇక్కడా, అక్కడా అని తడుముకోవాలి. లెన్స్ ఎంత విశాలమైన కోణం నుంచి వెలుతురు పోగుచేస్తుందో చెప్పే అంకె న్యూమరికల్ అపర్చర్, మనం వాడుకలో ఎన్‌ఏ అంటాం. ఆబ్జెక్టివ్ (శాంపిల్‌కి దగ్గరగా ఉండే లెన్స్) మీద 63 గుణకారం పక్కన చిన్నగా 1.4 అని చెక్కి ఉంటుందే, అది.

1873లో జర్మనీలోని యేనాలో ఎర్నెస్ట్ ఆబే చెప్పినదాని ప్రకారం అడ్డం రిజల్యూషన్ ఎన్‌ఏకి విలోమంగా మారుతుంది. లోతు వైపు అయితే సుమారుగా ఎన్‌ఏ వర్గానికి విలోమంగా మారుతుంది. అంటే ఎన్‌ఏ సగమైతే అడ్డం రెండింతలు చెడితే, లోతు నాలుగింతలు చెడుతుంది. తక్కువ ఎన్‌ఏ లెన్స్‌తో త్రీడీ చేసేవాళ్ల కష్టాలన్నీ ఈ వర్గంలోనే ఉన్నాయి.

ఎన్‌ఏ ఎంత పెంచినా ఒక ఆబ్జెక్టివ్ శాంపిల్‌ని ఒక వైపు నుంచే చూస్తుంది. వెనక వైపుకి పోయే వెలుతురు మనకు దక్కదు. అందుకే శాంపిల్‌ని ఒకేసారి మొత్తం వెలిగించి చూసే మామూలు వైడ్‌ఫీల్డ్ మైక్రోస్కోప్‌కి ఒక విచిత్రమైన గుడ్డితనం ఉంది. సమంగా వెలిగే పలచటి పొరను దాని కింద పెడితే, ఫోకస్ పైకీ కిందకీ ఎంత తిప్పినా వచ్చే వెలుతురు మారదు. పొర ఏ లోతులో ఉందో చెప్పలేదు. ఆ పొర మీద దుమ్ము రేణువో గీతో ఉంటేనే ఫోకస్ దొరుకుతుంది.

నా ఆబ్జెక్టివ్‌కి లోతు రిజల్యూషన్ ఎంత ఉండాలి? ఒక అంకె చెప్పండి.

ఆకుపచ్చ వెలుతురు, అంటే 520 నానోమీటర్ల దగ్గర, వైడ్‌ఫీల్డ్‌లో, అన్నీ సవ్యంగా ఉంటే లెక్క ప్రకారం ఇలా వస్తుంది.

10 రెట్లు, ఎన్‌ఏ 0.3 ఉన్న గాలి లెన్స్: అడ్డం 0.9 మైక్రాన్, లోతు 10 మైక్రాన్లు.
20 రెట్లు, ఎన్‌ఏ 0.75 గాలి లెన్స్: అడ్డం 0.35, లోతు 1.35 మైక్రాన్లు.
63 రెట్లు, ఎన్‌ఏ 1.2 నీటి లెన్స్: అడ్డం 0.22, లోతు 0.6 మైక్రాన్.
63 రెట్లు, ఎన్‌ఏ 1.4 ఆయిల్ లెన్స్: అడ్డం 0.19, లోతు 0.5 మైక్రాన్.

మొదటి వరుస ఇంకోసారి చూడండి. 10 రెట్ల లెన్స్‌కి లోతు పది మైక్రాన్లంటే ఒక మామూలు జంతుకణం కేంద్రకం మొత్తం అందులో మునిగిపోతుంది. ఆ లెన్స్‌తో తీసిన స్టాక్‌లో రెండు ప్రోటీన్లు ఒకే చోట ఉన్నాయని కోలోకలైజేషన్ చూపిస్తే నమ్మకండి. ఒకటి కేంద్రకం పైన, ఇంకోటి కింద ఉన్నా అలాగే కనిపిస్తాయి.

మాగ్నిఫికేషన్ పెంచితే?

పెరగదు. ఎన్‌ఏ 1.4 ఉన్న 63 రెట్ల లెన్స్, 100 రెట్ల లెన్స్ లోతు విషయంలో ఒకటే. జూమ్ పెంచితే పిక్సెల్ చిన్నదవుతుంది, వెలుతురు చేసే డమరుకం మాత్రం మారదు.

వక్రీభవన గుణకం పొంతన అంటున్నారు. అది కుదరకపోతే బొమ్మకి ఏమవుతుంది?

నీళ్ల తొట్టిలో వేసిన రూపాయి బిళ్ల పైకి తేలినట్టు కనిపిస్తుంది కదా, అదే మోసం ఇక్కడా. ఒక పదార్థం వెలుతురుని ఎంత వంచుతుందో చెప్పే అంకె వక్రీభవన గుణకం. గాలి గుణకం 1, నీళ్లు 1.33, గ్లిజరాల్ 1.47, గాజు, ఇమ్మర్షన్ ఆయిల్ 1.52కి దగ్గర. ఈ సరిహద్దులు దాటిన ప్రతిచోటా కిరణం వంగుతుంది.

గాలి లెన్స్‌తో నీళ్లలో ఉన్న శాంపిల్ చూస్తున్నారనుకోండి. మీరు స్టేజిని 10 మైక్రాన్లు కదిపితే ఫోకస్ లోపల 13 మైక్రాన్లకు పైగా కదులుతుంది. సాఫ్ట్‌వేర్ మాత్రం 10 అనే రాసుకుంటుంది. ఫలితం: గుండ్రటి బంతి ఇడ్లీలా చదునుగా వస్తుంది. ఆయిల్ లెన్స్‌తో నీళ్లలోకి చూస్తే దీనికి తిరగబడిన కథ. స్టేజి 10 కదిలితే ఫోకస్ సుమారు 8 నుంచి 9 మైక్రాన్లే కదులుతుంది, బంతి నిలబెట్టిన కోడిగుడ్డు అవుతుంది. కొలతల్లో ఈ తప్పుని గుణించి సరిచేసుకోవచ్చు.

గుణించి సరిచేయలేనిది ఇంకోటి ఉంది. లెన్స్ అంచు నుంచి వచ్చే కిరణాలు ఒక లోతులో, మధ్య నుంచి వచ్చేవి ఇంకో లోతులో కలుస్తాయి. దీన్ని గోళీయ విపథనం అంటారు. దీంతో డమరుకానికి నడుమే ఉండదు, ఒక వైపుకి జారిపోయిన తోకలా తయారవుతుంది. లోతుకి పోయే కొద్దీ ఇది పెరుగుతుంది. అందుకే ఆయిల్ లెన్స్‌తో కవర్ స్లిప్‌కి అంటుకున్న కణాలు అద్దంలా వస్తాయి, ముప్ఫై మైక్రాన్ల లోపలికి వెళ్లేసరికి మసక. కాగితం మీద ఎన్‌ఏ తక్కువైనా, నీళ్లలో ఉన్న శాంపిల్‌లో పది ఇరవై మైక్రాన్లు దాటాక 1.2 నీటి లెన్సే గెలుస్తుంది. “కానీ 1.4 ఎక్కువ కదా సార్” అని ప్రతి బ్యాచ్‌లో ఒకరు అడుగుతారు. ఎక్కువే. మొదటి పది మైక్రాన్ల దాకా.

నా సెటప్‌లో పొంతన కుదిరిందో లేదో ఇంట్లో ఉన్న వస్తువులతో తెలుసుకోవచ్చా?

మందార పువ్వు తెచ్చుకోండి. పుప్పొడి రేణువు గుండ్రంగా, చుట్టూ ముళ్లతో, వంద మైక్రాన్లకు పైగానే ఉంటుంది. ఏ రంగూ వేయకుండానే నీలం, ఆకుపచ్చ లేజర్ల కింద దానంతటదే వెలుగుతుంది. పుల్లతో స్లైడ్ మీద కాస్త రాల్చండి, నీళ్లలో ఒకటి, గ్లిజరాల్‌లో ఒకటి చేయండి. రేణువు నలగకుండా కవర్ స్లిప్ కింద అటూ ఇటూ చిన్న గాజు ముక్కలు పెట్టండి. 20 రెట్ల గాలి లెన్స్‌తో పై సగం స్టాక్ తీసి పక్క నుంచి చూడండి.

నీళ్లలోది ఇడ్లీ, గ్లిజరాల్‌లోది ఇంకా చదును. పైన ఉన్న ముళ్లు పొట్టిగా, పక్కన ఉన్నవి పొడుగ్గా కనిపిస్తాయి, నిజానికి అన్నీ ఒకే రకం ముళ్లు. కొత్తగా వచ్చినవాళ్లకి నేను క్లాసు చెప్పే బదులు ఇది చేయిస్తాను. ఒక్కసారి కళ్లతో చూశాక ఎవరూ ఆ తర్వాత జెడ్ వైపు తీసిన కొలతని గుడ్డిగా నమ్మరు.

అయితే మౌంటింగ్ మీడియం ఏది వాడాలి?

లెన్స్‌ని బట్టి. ఆయిల్ లెన్స్ అయితే శాంపిల్ ఉన్న ద్రవం 1.52కి ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది. గట్టిపడ్డాక ఆ గుణకానికి చేరే మీడియంలు మార్కెట్లో దొరుకుతాయి. సీసా మీద అంకె గట్టిపడిన తర్వాతదా, ముందుదా అని చదవండి. రాత్రి వేసి పొద్దున్నే వస్తే అది ఇంకా ఆరి ఉండదు, గుణకమూ చేరి ఉండదు. థయోడైఇథనాల్ అనే ద్రవాన్ని నీళ్లతో కలిపే పాళ్లు మార్చి 1.33 నుంచి 1.52 దాకా కావలసిన గుణకం తెచ్చుకోవచ్చు. కానీ కొన్ని రంగుల వెలుగుని అది తగ్గిస్తుంది, ముందు చిన్న ముక్క మీద చూసుకోండి.

గట్టిపడే మీడియంలకి ఇంకో గుణం ఉంది. ఆరేటప్పుడు కుంచించుకుపోతూ కణాన్ని అణిచేస్తాయి. రిజల్యూషన్ బాగుంటుంది, కణం ఎత్తు మాత్రం అబద్ధం. ఎత్తే మీకు కావలసిన కొలత అయితే గట్టిపడనిది వాడి, దానికి తగ్గ గ్లిజరాల్ లెన్స్ కానీ నీటి లెన్స్ కానీ వాడండి.

బతికి ఉన్న కణాలకి ఈ స్వేచ్ఛ లేదు, అవి నీళ్లలోనే ఉంటాయి. నీటి లెన్స్ తప్ప దారి లేదు.

కవర్ స్లిప్ ఏదైనా ఒకటే కదా?

నేనూ అలాగే అనుకునేవాడిని. ఒకసారి నీటి లెన్స్‌లో బొమ్మలన్నీ జెడ్ వైపు తోకలతో వస్తున్నాయి. మూడు రోజులు లేజర్ అలైన్‌మెంట్ చూశాను, లెన్స్ విప్పి తుడిచాను, సర్వీస్ ఇంజనీర్‌కి ఫోన్ కూడా చేశాను. చివరికి విసుగొచ్చి కవర్ స్లిప్పుల డబ్బా తిప్పి చూస్తే దాని మీద 1 అని ఉంది. మేం ఎప్పుడూ తెప్పించేది 1.5. స్టాక్ అయిపోతే ఎవరో చవగ్గా వస్తున్నాయని ఆర్డర్ మార్చేశారు.

ఒకటో నంబరు గాజు మందం 0.13 నుంచి 0.16 మిల్లీమీటర్లు. ఒకటిన్నర నంబరుది 0.16 నుంచి 0.19. చాలా ఆబ్జెక్టివ్‌లు 0.17 మందానికి లెక్కవేసి తయారవుతాయి. ఆయిల్ లెన్స్‌కి గాజూ ఆయిలూ ఒకే గుణకం కనుక కొంత సర్దుకుంటుంది. నీటి లెన్స్, ఎక్కువ ఎన్‌ఏ ఉన్న గాలి లెన్స్ అస్సలు సర్దుకోవు. ఆ లెన్స్‌ల మెడ మీద తిరిగే ఉంగరం ఉంటుంది, కరెక్షన్ కాలర్. అది అలంకారం కాదు. ఒక చిన్న మెరిసే చుక్క మీద ఫోకస్ పెట్టి, ఉంగరం కొద్దికొద్దిగా తిప్పుతూ, ప్రతిసారీ మళ్లీ ఫోకస్ చేస్తూ, చుక్క ఎక్కడ అన్నిటికన్నా ప్రకాశంగా ఉంటుందో అక్కడ ఆపండి. అయిదు నిమిషాల పని.

జెడ్ స్టెప్ ఎంత పెట్టాలి?

లోతు రిజల్యూషన్‌లో సగం కన్నా కొంచెం తక్కువ. 1.4 ఆయిల్ లెన్స్‌కి 0.2 మైక్రాన్, 20 రెట్ల 0.75కి అర మైక్రాన్ చుట్టుపక్కల. ఇంతకన్నా సన్నగా కోస్తే కొత్త వివరం రాదు, రంగు మాత్రం లేజర్ దెబ్బకి వాడిపోతుంది. ఇంతకన్నా లావుగా కోస్తే మధ్యలో ఉన్నది శాశ్వతంగా పోతుంది, ఏ సాఫ్ట్‌వేరూ తెచ్చిపెట్టలేదు.

కాన్ఫోకల్‌లో పిన్‌హోల్ మూసేకొద్దీ లోతు మెరుగవుతుందా?

అవుతుంది, ఒక హద్దు దాకా. కాన్ఫోకల్ ఊహ మార్విన్ మిన్స్కీది. తర్వాత కృత్రిమ మేధలో పేరు పడ్డ ఆయనే. 1957లో పేటెంట్‌కి దరఖాస్తు పెట్టారు, 1961లో వచ్చింది. ఫోకస్‌లో ఉన్న బిందువు నుంచి వచ్చే వెలుతురు పిన్‌హోల్ అనే చిన్న రంధ్రం గుండా పోతుంది, పైనా కిందా నుంచి వచ్చేది రంధ్రం గోడకి తగిలి ఆగిపోతుంది. వైడ్‌ఫీల్డ్‌కి ఉన్న ఆ గుడ్డితనం ఇక్కడ పోతుంది. కాన్ఫోకల్ అసలు లాభం ఇదే. మామూలుగా వాడే 1 ఎయిరీ యూనిట్ (పిన్‌హోల్ సైజుని చెప్పే కొలత) దగ్గర లోతు అంకె వైడ్‌ఫీల్డ్ కన్నా పెద్దగా తగ్గదు. తగ్గేది పొగమంచు.

0.6 ఎయిరీ యూనిట్ దాకా మూస్తే అంకె కూడా కొంత మెరుగవుతుంది. ఆపైన మూస్తే వెలుతురు అడుగంటి గింజలు గింజలుగా నాయిజ్ మిగులుతుంది. మసగ్గా ఉన్న శాంపిల్‌తో పిన్‌హోల్ మూసి గెయిన్ పెంచడం, కుళాయి కట్టేసి బకెట్ పెద్దది పెట్టడం లాంటిది.

డీకాన్వల్యూషన్ చేస్తే రివ్యూయర్ మోసం అంటారా?

అనకూడదు. లెన్స్ ఒక బిందువుని ఎలా అలుకుతుందో ముందే తెలిస్తే, అలుక్కుపోయిన వెలుతురుని లెక్కగట్టి వెనక్కి పంపడమే ఈ పద్ధతి. 1980ల మొదట్లో డేవిడ్ అగార్డ్, జాన్ సెడాట్ పండు ఈగ లాలాజల గ్రంథుల్లోని లావుపాటి క్రోమోజోములని త్రీడీలో చూపించింది దీంతోనే. ఇప్పటికీ వాడుతున్న రిచర్డ్‌సన్, లూసీ లెక్క 1972లో ఒకరు, 1974లో ఒకరు విడివిడిగా రాసినది. ఖగోళ శాస్త్రంలో ఇది బాగా అక్కరకొచ్చింది. 1990లో హబుల్ టెలిస్కోప్ పైకి వెళ్లాక అద్దం అరగదీతలో తప్పు బయటపడింది, 1993లో వ్యోమగాములు వెళ్లి సరిచేసే దాకా బొమ్మలని డీకాన్వల్యూషన్‌తోనే నెట్టుకొచ్చారు. హబుల్‌కి పట్టిన జబ్బు కూడా గోళీయ విపథనమే, మన ఆయిల్ లెన్స్‌కి నీళ్లలో పట్టేదే.

షరతులు రెండు. లెన్స్ అలికే తీరుని సొంతంగా కొలవండి, సాఫ్ట్‌వేర్ ఊహించిన దానికన్నా నిజాయితీగా ఉంటుంది. 100 నానోమీటర్ల ఫ్లోరెసెంట్ బీడ్లని, మీ శాంపిల్ ఉన్న మీడియంలోనే, అదే రకం కవర్ స్లిప్ కింద, అదే లెన్స్‌తో స్టాక్ తీయండి. పక్క నుంచి చూస్తే బీడు నిటారుగా, పైకీ కిందకీ సమంగా ఉండాలి. ఒక వైపే తోక ఉంటే పొంతన లేదు, ఒక పక్కకి వాలితే అలైన్‌మెంట్ లేదు. రెండో షరతు: ఇటరేషన్లు, అంటే ఆ లెక్కని మళ్లీ మళ్లీ తిప్పడం, పెంచుతూ పోకండి. ఎక్కువైతే నాయిజ్ గింజలే వెసికిల్స్‌లా (కణంలోని చిన్న సంచుల్లా) ముద్దుగా తయారవుతాయి. వాటిని లెక్కపెట్టి గ్రాఫ్ వేసినవాళ్లూ ఉన్నారు.

టూ ఫోటాన్‌కి మారితే లోతు రిజల్యూషన్ పెరుగుతుందా?

ఈ ప్రశ్నలోనే రెండు వేరు విషయాలు కలిసిపోయాయి. ఎంత లోతుకి చూడగలం అనేది ఒకటి, లోతులో పక్కపక్కన ఉన్న రెంటిని విడదీయగలమా అనేది ఇంకోటి. టూ ఫోటాన్ మొదటిదానికి వరం. 1931లో మరియా గొప్పెర్ట్ మేయర్ కాగితం మీద చెప్పింది, 1990లో డెంక్, స్ట్రిక్లర్, వెబ్ మైక్రోస్కోప్‌లో పెట్టారు. పరారుణ కిరణం కణజాలంలో తక్కువగా చెదురుతుంది, రెండు ఫోటాన్లు ఒకేసారి తగిలేది డమరుకం నడుము దగ్గరే కనుక వెలుగు అక్కడే పుడుతుంది. ఎలుక మెదడులో అర మిల్లీమీటరు, ఇంకా కిందకి కూడా చూస్తారు.

కానీ తరంగదైర్ఘ్యం 900 నానోమీటర్ల చుట్టుపక్కల. దాదాపు రెట్టింపు. అందువల్ల పలచటి శాంపిల్‌లో చూస్తే లోతు రిజల్యూషన్ మంచి కాన్ఫోకల్ కన్నా కాస్త తక్కువే. కవర్ స్లిప్ మీద పెంచిన కణాలకి టూ ఫోటాన్ స్లాట్ బుక్ చేయకండి. మెదడు ముక్కలు పట్టుకుని వరసలో నిలబడ్డవాళ్లు ఉన్నారు.

లైట్ షీట్ సంగతి?

వెలుతురు పక్క నుంచి పలచటి రేకులా పంపి, పైనుంచి చూడటం. ఊహ పాతది. 1902 నాటికే సీడెన్‌టోఫ్, జిగ్‌మోండీ అల్ట్రామైక్రోస్కోప్ కోసం వెలుతురుని పక్క నుంచి పంపారు. జీవశాస్త్రంలోకి గట్టిగా వచ్చింది 2004లో హ్యూస్కెన్, స్టెల్జర్ బృందం చేపపిల్లల మీద చేశాక. ఇక్కడ లోతు రిజల్యూషన్‌ని చాలావరకు రేకు మందం తేలుస్తుంది. తక్కువ ఎన్‌ఏ లెన్స్‌తో పది మైక్రాన్లు అలుక్కుపోయేచోట మూడు నాలుగు మైక్రాన్ల రేకు పెడితే లాభం కళ్లకు కనిపిస్తుంది. కానీ రేకు పలచబడే కొద్దీ అది పలచగా ఉండే దూరం తగ్గిపోతుంది. అట్లు పోసినట్టే, పలచగా తిప్పితే అంచులు చిరుగుతాయి. 2014లో బెట్జిగ్ బృందం చేసిన లాటిస్ లైట్ షీట్ ఈ ఇబ్బందిని చాలావరకు దాటింది, ఒక్కొక్క కణానికి లోతు సుమారు 0.4 మైక్రాన్ దాకా తెచ్చింది.

నాకు ఎక్కువ నచ్చిన ఉపాయం ఇంకోటి: ఒకే శాంపిల్‌ని రెండు లంబ దిశల నుంచి చూడటం. ఒక లెన్స్‌కి లోతు అయినది రెండో లెన్స్‌కి అడ్డం. రెండు స్టాక్‌లనీ కలిపి లెక్కగడితే అన్ని వైపులా 330 నానోమీటర్లు వచ్చాయని 2013లో చూపించారు. ఒక వైపు నుంచే చూడటమే జబ్బు అయినప్పుడు రెండో వైపు నుంచి చూడటం కన్నా సూటి మందు ఏముంది?

సిమ్, స్టెడ్, స్టార్మ్, 4పై... ఇన్ని పేర్లలో నాకు కావలసింది ఏది?

ఇవన్నీ మామూలు మైక్రోస్కోప్ రిజల్యూషన్ హద్దుని దాటే పద్ధతులు. మీకు ఎన్ని నానోమీటర్లు కావాలో చెప్పండి, ఏది కావాలో చెబుతాను. 300 చాలంటే త్రీడీ సిమ్. చారల వెలుతురు వేసి వివరం పిండుతారు, మామూలు రంగులతోనే పనవుతుంది, కానీ పొంతన తప్పితే బొమ్మంతా తేనెపట్టు గడులు పడుతుంది. 100 కావాలంటే స్టెడ్‌లో జెడ్ వైపు నొక్కే మాస్క్ ఉండాలి, ఊరికే స్టెడ్ ఉంటే చాలదు. అది అడ్డమే మెరుగుపరుస్తుంది. ఇది చాలామందికి స్లాట్ అయిపోయాక తెలుస్తుంది. స్టెడ్ ఊహకి స్టెఫాన్ హెల్‌కి 2014లో రసాయన నోబెల్ బహుమతి వచ్చింది, బెట్జిగ్, మోర్నర్‌లతో కలిపి. అంతకు ముందు ఆయన పట్టుబట్టింది లోతు మీదే. 4పైలో శాంపిల్‌కి అటొక లెన్స్, ఇటొక లెన్స్ ఎదురెదురుగా పెట్టి లోతుని 100 నానోమీటర్ల దగ్గరకు తెచ్చారు. అలైన్‌మెంట్ నిలబెట్టడం ప్రాణం తీసే పని, అందుకే ఇంటింటికీ రాలేదు.

50 నానోమీటర్లు కావాలంటే స్టార్మ్‌లో సిలిండ్రికల్ లెన్స్ పెట్టండి. 2008లో షావే జువాంగ్ బృందం చేసిన ఈ చిట్కా అందంగా ఉంటుంది. ఫోకస్‌కి పైన ఉన్న అణువు ఒక దిశలో కోలగా, కింద ఉన్నది దానికి లంబ దిశలో కోలగా కనిపిస్తుంది, కోలదనం చూసి లోతు చెబుతారు. ఒక్కసారికి ముప్పావు మైక్రాను మందమే వస్తుంది.

మిషన్ కొనే డబ్బు లేదు. వేరే దారి?

శాంపిల్‌నే పెద్దది చేయండి. 2015లో ఎడ్ బోయ్‌డెన్ బృందం చూపించిన ఎక్స్‌పాన్షన్ మైక్రోస్కోపీ ఇదే. పసిపిల్లల డైపర్లలో నీళ్లు పీల్చే పదార్థం ఉంటుందే, సోడియం పాలీఅక్రిలేట్, ఆ జాతి జెల్‌ని కణం లోపల అల్లి, నీళ్లు పోస్తే అంతా అన్ని వైపులా నాలుగున్నర రెట్లు ఉబ్బుతుంది. 600 నానోమీటర్ల లోతు రిజల్యూషన్ ఉన్న మామూలు కాన్ఫోకల్‌తోనే 130 వచ్చినట్టు. అగర్‌బత్తి బూడిదలా నలిగిపోతుందేమో అనిపిస్తుంది కానీ జాగ్రత్తగా పడితే గరిటెతో ఎత్తవచ్చు.

రెండు ఇబ్బందులు. ఘనపరిమాణం 90 రెట్లు పెరుగుతుంది కనుక రంగు అంత పలచబడుతుంది, స్టెయినింగ్ మొదటే ఘాటుగా ఉండాలి. ఉబ్బిన జెల్ దాదాపు అంతా నీళ్లే. కాబట్టి నీటి లెన్స్. ఇంత కష్టపడి ఉబ్బించి ఆయిల్ లెన్స్ కింద పెడితే ఆ నాలుగున్నర రెట్లలో సగం మళ్లీ మసకకే పోతుంది. జెల్ కదలకుండా డిష్ అడుగున పాలీలైసిన్ పూయడం మర్చిపోకండి, లేకపోతే స్టాక్ తీస్తుండగానే అది ఈదుకుంటూ వెళ్లిపోతుంది.

కణజాలాన్ని పారదర్శకం చేస్తే?

మందపాటి ముక్కలకి తప్పనిసరి. వెలుతురు చెదరడానికి కారణం లోపల కొవ్వు, ప్రోటీన్, నీళ్ల గుణకాలు వేరు వేరుగా ఉండటం. అన్నిటినీ ఒకే గుణకానికి తేవడమే క్లియరింగ్. జర్మనీలో స్పాల్టెహోల్జ్ వందేళ్ల కిందటే అవయవాలని గాజులా చేశారు. 2013లో క్లారిటీ, 2014లో క్యూబిక్, ఐడిస్కో అనే క్లియరింగ్ పద్ధతులు వచ్చాయి. ఐడిస్కో కణజాలాన్ని కుదిస్తుంది, నీటి ఆధారిత పద్ధతుల్లో కొన్ని ఉబ్బిస్తాయి. దూరాలు కొలిచేవాళ్లు ముందూ తర్వాతా గ్రాఫ్ కాగితం మీద పెట్టి ఫోటో తీసుకోండి.

ఏఐతో జెడ్ పదును పెట్టే సాఫ్ట్‌వేర్ వాడొచ్చా?

చూడటానికి వాడండి, కణాలని విడదీసి లెక్కించడానికి వాడండి. 2018లో వచ్చిన కేర్ లాంటివి అడ్డం బొమ్మల్లో ఉన్న పదును నేర్చుకుని లోతు బొమ్మలకి దిద్దుతాయి. మీ శాంపిల్ లాంటిదే చూసి నేర్చుకుంటే పనితనం బాగుంటుంది. ఎన్నడూ చూడనిది ఎదురైతే తనకు తెలిసినదే గీసి పెడుతుంది, అదీ ఏ తడబాటూ లేకుండా. రెండు పొరల మధ్య దూరం 200 నానోమీటర్లని దాన్నుంచి కొలిచి రాస్తే మాత్రం నేను సంతకం పెట్టను.

స్లాట్‌కి వచ్చేటప్పుడు ఏం తేవాలి?

శాంపిల్ ఏ మీడియంలో ఉందో, దాని గుణకం ఎంతో కాగితం మీద రాసుకుని రండి. కవర్ స్లిప్పుల డబ్బా ఫోటో ఫోన్‌లో ఉంచండి. అరగంట ముందే వచ్చి స్లైడ్‌ని స్టేజి మీద పెట్టి వదిలేయండి. బయటి వేడి నుంచి ఏసీ గదిలోకి వచ్చిన గాజు చల్లబడే దాకా ఫోకస్ జారుతూనే ఉంటుంది, అది మీ స్టాక్‌లో సాగిన కణంగానో, చదునైన కణంగానో కనిపిస్తుంది. అంచులకి వేసిన నెయిల్ పాలిష్ పూర్తిగా ఆరాకే రండి. ఆరని పాలిష్ ఆయిల్ లెన్స్‌కి అంటుకుంటే, దాన్ని తుడిచే ఆ గంట మీ స్లాట్‌లోంచే పోతుంది.